వియన్నాలో ఒక పూటకూళ్ళమ్మ

రాజమండ్రి తిరిగొచ్చి ఇంకా వారం కాలేదు, సూట్‌కేసు అడుగున వియన్నా ట్రామ్ టికెట్లు అలాగే ఉన్నాయి, మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. మ్యూనిక్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణించి ముగ్గురం నాలుగు రోజులు వియన్నా వెళ్ళొచ్చాం. మావారు రాజభవనాల జాబితా రాసుకొచ్చారు. నాకు మాత్రం ముందు నుంచీ ఒకటే ఉండేది, హోటల్ సాఖర్ చూడాలని.

దానికి కారణం మా అమ్మమ్మ. తాతయ్య పోయినప్పుడు ఆవిడకి ముప్పై నిండి ఏడాదైంది. గోదావరి స్టేషన్ దగ్గర రెండు గదుల ఇంట్లో పొయ్యి వెలిగించి రైల్వే వాళ్ళకీ కాలేజీ పిల్లలకీ అన్నం పెట్టడం మొదలుపెట్టింది. బోర్డు లేదు, బెంచీలు లేవు, పీటలూ అరిటాకులూ అంతే. అందరూ దాన్ని హోటల్ అనే అనేవాళ్ళు. కొంచెం పెద్దవాళ్ళయితే పూటకూళ్ళ ఇల్లు అనేవాళ్ళు. మన దగ్గర హోటల్ అంటే అన్నం దొరికే చోటు కదా, పడుకునే చోటు తర్వాతి సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక పాత ఫొటో చూశాను, నల్ల గౌను, ముత్యాల దండ, మొహంలో భయమనేది లేని ఒక పెద్దావిడ, ఒళ్ళో చిన్న బుల్‌డాగ్. పేరు అన్నా సాఖర్. ముప్పై మూడేళ్ళకి భర్త పోతే యూరప్‌లోకెల్లా పేరున్న హోటళ్ళలో ఒకదాన్ని ఒంటి చేత్తో నడిపిందని కింద రాసి ఉంది. ఆ రోజు నుంచీ ఆవిడ ఇల్లు చూడాలనే అనుకుంటున్నాను.

అక్టోబరు 14, వానలో

మేం దిగిన చోటు పడమటి రైల్వేస్టేషన్ అవతల, మూడో అంతస్తు. హీటర్ పనిచెయ్యడం లేదని మూడుసార్లు చెబితే ఒక దుప్పటి ఎక్కువ ఇచ్చారు. సామాను పడేసి బయటపడ్డాం. 72 గంటల టికెట్ మేం వెళ్ళినప్పుడు మనిషికి పదిహేడు యూరోల చిల్లర పడింది, మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ అందులోనే, అది మాత్రం బాగుంది.

కార్ల్స్‌ప్లాట్స్ స్టేషన్‌లో దిగాక భూమి కింద దారి పద్మవ్యూహంలా ఉంది, ఎటు చూసినా ఒక ద్వారం. ఒపేరా అనే సంగీత నాటకశాల వైపు ఎక్కాల్సింది మేం పార్కు వైపు పైకొచ్చాం. ఆకుపచ్చ గుమ్మటం ఉన్న పెద్ద చర్చి ఎదురైంది, ఒపేరా అదేననుకుని మావారు ఫొటోలు కూడా తీశారు. వాన పెరిగింది. గొడుగేసుకుని వెళ్తున్న ఒక పెద్దావిడని దారి అడగబోతే మా అబ్బాయి ఆపి, ముందు "గ్రూస్ గాట్" అనమ్మా అన్నాడు. వియన్నాలో పలకరించకుండా ప్రశ్న అడిగితే మొరటుగా అనిపిస్తుందట, దుకాణంలోకి వెళ్ళినా అంతే, లిఫ్ట్‌లో ఎదురుపడినా అంతే. అన్నాను. ఆవిడ మొహం విచ్చుకుంది, చేత్తో దారి చూపించి ఊరుకోకుండా తనే వెనక్కి తిరిగి మాతో పాటు నడిచి ఒపేరా వెనక వీధి దాకా దిగబెట్టింది. ఐదారు నిమిషాల నడక, తన పని మానుకుని. నాలుగు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయిన మొహాల్లో అదొకటి.

సాఖర్ సరిగ్గా ఒపేరా వెనకే ఉంది. ఎంత దగ్గరంటే, ఈ గుమ్మంలోంచి మాట్లాడితే ఆ గుమ్మంలో వినపడేంత. ఎర్రటి గుడ్డ పందిళ్ళు, కిటికీల్లో పసుపు వెలుగు, తడిసిన రాళ్ళ వీధి మీద ఆ వెలుగు పరుచుకుని ఉంది. లోపలికి వెళ్ళే వేళ కాదు, ఆకలి. ఎదురుగా ఆల్బెర్టీనా మ్యూజియం మెట్ల కింద సాసేజ్‌లు అమ్మే బడ్డీ ఉంది. ఒపేరాలో విరామమో ఏమో, నేలమీద జీరాడే గౌన్లలో ఆడవాళ్ళు, నల్ల కోట్లలో మగవాళ్ళు, వాళ్ళ పక్కనే రోడ్డు పని చేసే నారింజ రంగు చొక్కాల మనుషులు, అందరూ ఒకే ఎత్తు బల్ల దగ్గర నిలబడి తింటున్నారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడటం లేదు. మా అబ్బాయి లోపల జున్ను కరిగే సాసేజ్ తీసుకున్నాడు, ఆవాల ముద్ద తియ్యనిది కావాలా ఘాటుదా అని అడిగి మరీ పెట్టారు. నేనూ మావారూ రొట్టె, ఊరగాయ దోసకాయ, బంగాళాదుంప వేపుడుతో సరిపెట్టుకున్నాం. ముగ్గురికీ పద్దెనిమిది యూరోలు. ఆ వేపుడు వేడికి చేతులు కాచుకుంటూ సాఖర్ కిటికీల వంక చూస్తూ నిలబడ్డాం.

అక్టోబరు 15, లోపల

పొద్దున తొమ్మిదిన్నరకే కెఫే ముందు వరస ఉంది. నలభై నిమిషాలు నిలబడ్డాం. లోపల గోడలు ముదురు ఎరుపు, పట్టు బట్ట తొడిగినట్టు, పైన దీపాల గుత్తులు, నల్ల గౌను మీద తెల్ల ఏప్రన్ కట్టుకున్న అమ్మాయిలు. కాఫీ చిన్న ట్రేలో వస్తుంది, పక్కన గ్లాసుడు నీళ్ళు తప్పకుండా ఉంటాయి. అడక్కుండానే మంచినీళ్ళు పెట్టే చోటంటే నాకు గౌరవం. బిల్లు మనం అడిగేదాకా ఇవ్వరు, బయట అంత వరస ఉన్నా లేవమని చూపుతో కూడా చెప్పరు.

కేకు సంగతి. 1832లో మెట్టర్నిక్ అనే మంత్రి ఇంట్లో విందుకి కొత్త తీపి చెయ్యమన్నారనీ, పెద్ద వంటవాడు జబ్బుపడి ఉంటే పదహారేళ్ళ ఫ్రాన్స్ సాఖర్ అనే శిష్యుడు ఈ చాక్లెట్ కేకు చేశాడనీ చెప్పుకుంటారు. మేం వెళ్ళినప్పుడు ముక్క పది యూరోలకి కాస్త తక్కువ, మన డబ్బుల్లో ఎనిమిది వందల యాభై దాటింది. రెండు పొరల మధ్య, పైన చాక్లెట్ పూత కింద ఆప్రికాట్ జామ్. పక్కన చక్కెర వెయ్యని మీగడ. కేకు ఒక్కటే తింటే పొడిగా ఉంటుంది, మీగడ అద్దుకుంటే అప్పుడు తెలుస్తుంది దాని రుచి. ఆ జామ్ నాలిక మీద పడగానే హైదరాబాద్ పెళ్ళిళ్ళలో తినే ఖుబానీ కా మీఠా గుర్తొచ్చింది, అదే పండు మరి, అదే పులుపు అడుగున దాక్కుని. ఏడాదికి మూడున్నర లక్షలకి పైగా కేకులు చేస్తారట, గుడ్లు కొట్టడం నుంచి పూత పొయ్యడం దాకా చాలా పని ఇప్పటికీ చేతులతోనే.

కానీ హోటల్ కట్టింది కేకు చేసిన ఫ్రాన్స్ కాదు, ఆయన కొడుకు ఎడ్వర్డ్. 1876లో. ఆ స్థలంలో అంతకు ముందు పాత రాజుగారి నాటకశాల ఉండేది. 1824 మే 7న సంగీతకర్త బేతోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించింది అక్కడే. అప్పటికి ఆయనకి వినపడదు. అయిపోయాక జనం చప్పట్లు కొడుతుంటే తెలియక వాద్యగాళ్ళ వైపే తిరిగి నిలబడ్డాడనీ, పాడిన అమ్మాయి వచ్చి భుజం పట్టి జనం వైపు తిప్పిందనీ అంటారు. నేను కాఫీ తాగుతున్న చోటు ఆ నేలే. ఈ సంగతి చెప్పగానే మావారు కప్పు కింద పెట్టేసి కాసేపు నేల వైపు చూస్తూ ఉండిపోయారు. రాజభవనాల జాబితా ఆ రోజు మళ్ళీ జేబులోంచి తియ్యలేదు.

ఎడ్వర్డ్ 1880లో పెళ్ళి చేసుకున్నది అన్నాని. ఆవిడ మాంసం కొట్టు వ్యాపారి కూతురు, లియోపోల్డ్‌స్టాట్ పేటలో పెరిగింది. 1892లో ఎడ్వర్డ్ పోయాడు. చిన్న పిల్లలు, పెద్ద వ్యాపారం, చుట్టూ రాచకుటుంబాలు, సేనాపతులు, మంత్రులు. వాళ్ళలో ఎవరు ఎవరితో ఏ గదిలో భోంచేశారో ఆవిడకి తెలుసు, ఆ మాట పెదవి దాటించేది కాదు, అందుకే అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. పనివాళ్ళ మీద గట్టి మనిషి. చుట్ట కాల్చేది. దీన్ని అక్కడివాళ్ళు పెద్ద వింతగా రాస్తారు గానీ, గోదావరి జిల్లాలో చుట్ట కాల్చే మామ్మల మధ్య పెరిగిన నాకు ఆవిడ మరీ దగ్గరి మనిషిలా అనిపించింది.

బిల్లు కట్టాక, కాఫీ తెచ్చిన పెద్ద వయసు ఆవిడని అబ్బాయి జర్మన్‌లో అడిగాడు, మా అమ్మ అన్నా సాఖర్ కోసమే ఇండియా నుంచి వచ్చింది, ఆవిడ పేర్లు కుట్టిన బల్లగుడ్డ చూడొచ్చా అని. ఆవిడ నా వైపు ఒకసారి చూసి రమ్మని సైగ చేసింది. నడవ గోడల నిండా వచ్చి వెళ్ళినవాళ్ళ ఫొటోలు, సంతకాలతో. 1969 మార్చిలో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, ఆయన భార్య యోకో ఓనో ఈ హోటల్లోనే తెల్ల సంచిలో దూరి విలేకరులతో మాట్లాడారు. అవన్నీ దాటి బల్లగుడ్డ దగ్గర ఆగాం.

అన్నా తన దగ్గరికి వచ్చిన పెద్దమనుషుల చేత తెల్ల గుడ్డ మీద సంతకం పెట్టించుకుని, ఆ గీతల మీద దారంతో కుట్టేది. నడుమ ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్స్ యోసెఫ్ పేరు. చుట్టూ పేర్లు, ఏ రెండు చేతిరాతలూ ఒకలా లేవు, కొన్ని తొందరలో గీకినవి, కొన్ని వంకీలు తిప్పినవి. పగలంతా వందమందికి వంట చూసుకుని రాత్రి దీపం దగ్గర ఒకరి చేతిరాతని సూదితో వెంబడించడం ఎంత ఓపికో! మా అమ్మమ్మకి పద్దు పుస్తకం ఉండేది, పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం. ఆవిడకి రాయడం వచ్చేది కాదు, అన్నం తిన్నవాళ్ళే వాళ్ళ పేరు రాసి పక్కన గీత పెట్టేవాళ్ళు. ఆ పుస్తకం నిండా కూడా వేరువేరు చేతిరాతలే. చాలాసేపు నిలబడ్డాను. మాతో వచ్చినావిడ తొందర పెట్టలేదు.

అక్టోబరు 16, తప్పు దిగుడు

బెల్వెడేర్ భవనంలో బొమ్మలు చూద్దామని 71 నంబరు ట్రామ్ ఎక్కాం. దిగాల్సిన చోటు మాటల్లో దాటిపోయింది, చూసుకునేసరికి ఊరి చివర, పొడుగాటి గోడ పక్కన వెళ్తున్నాం. అది వియన్నా పెద్ద శ్మశానం. ఎవరైనా పోతే ఆ ఊళ్ళో "71 ఎక్కాడు" అంటారని అబ్బాయి అప్పుడు చెప్పాడు. మావారికి అక్కడ దిగడం ఇష్టం లేదు, నేనే దిగుదామన్నాను. రెండో గేటులోంచి లోపలికి వెళ్తే పేరున్న సంగీతకారుల సమాధులు చాలా ఒకే చోట ఉంటాయి. బేతోవెన్‌ది తెల్లటి సూదిస్తంభం, పేరు తప్ప ఇంకేమీ రాసి లేదు. పూర్తి పేరు కూడా కాదు, ఇంటిపేరే, అందరూ పిలిచే ఆ ఒక్క మాట. నిన్న కాఫీ తాగిన నేల, ఈరోజు ఈ రాయి, అనుకోకుండా కుదిరాయి. గడ్డిలో రాలిన హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరుకున్నాం.

సాయంత్రం మళ్ళీ సాఖర్ వైపే వచ్చాం. మొదటి రాత్రి వానలో గమనించనిది ఒకటి కనపడింది. హోటల్‌కి ఎదురుగా, ఆల్బెర్టీనా పక్క ఖాళీ స్థలంలో రాతి విగ్రహాలున్నాయి, 1988లో ఆల్ఫ్రెడ్ హ్ర్‌డ్లిచ్కా చెక్కినవి. అక్కడ ఒకప్పుడు పెద్ద భవనం ఉండేది. 1945 మార్చి 12న బాంబులు పడితే నేలమాళిగలో దాక్కున్న వందల మంది అక్కడే ఉండిపోయారు, చాలామందిని బయటికి తియ్యనే లేదు. ఒపేరా కూడా ఆ రోజే కాలిపోయింది, మళ్ళీ 1955లో గానీ తెరవలేదు. విగ్రహాల మధ్య నేల మీద బోర్లా వంగి బ్రష్‌తో రాళ్ళు కడుగుతున్న కంచు మనిషి ఉన్నాడు. 1938లో నాజీలు వచ్చిన రోజుల్లో యూదుల్ని ఇలా వీధుల్లో వంచి నేల కడిగించారు, ఊరి జనం చుట్టూ నిలబడి చూశారు. కేకు పెట్టెల సంచులు పట్టుకున్న మనుషులు ఆ కంచు మనిషి పక్కనుంచే నడిచి వెళ్తున్నారు. గొప్ప హోటల్ చరిత్ర అంటే దాని గుమ్మం ముందు జరిగింది కూడా కలుపుకునే చెప్పాలి, ఈ రాళ్ళు అక్కడే ఉంచినందుకు ఆ ఊరి మీద నాకు గౌరవం కలిగింది. యుద్ధం తర్వాత కొన్నేళ్ళు సాఖర్‌లో బ్రిటిష్ సైనికాధికారులు ఉన్నారు.

ఆ రాత్రి ఒక చిన్న భోజనశాలలో ఐయర్‌నాకర్ల్ తిన్నాం. పిండి ముద్దలు వెన్నలో వేయించి పైన గుడ్డు గిలక్కొట్టి పోస్తారు, పక్కన పుల్లటి ఆకుకూర. మనిషికి పన్నెండు యూరోలు. సాఖర్‌లో పేరున్న వంటకం ఉడకబెట్టిన ఎద్దు మాంసం, అది మేం తినం కనక ఆ భోజనం గురించి నేను చెప్పగలిగింది లేదు. ఈ గుడ్డు ముద్దలు మాత్రం వియన్నాలో తిన్నవాటన్నిటిలోకీ నాకు నచ్చాయి. మిరియాలు కొంచెం ఎక్కువ అడిగాను, మిల్లే తెచ్చి బల్ల మీద పెట్టేశారు.

అక్టోబరు 17, దెమెల్, ఇంపీరియల్

అన్నా 1929 దాకా హోటల్ చూసుకుంది, 1930లో పోయింది. మొదటి యుద్ధం తర్వాత రాజ్యం పోయింది, రాజులు పోయారు, ఆవిడ దగ్గరికి వచ్చే దొరల చేతుల్లో డబ్బు లేదు. అయినా పాత రోజుల్లోలాగే వాళ్ళకి వడ్డించి, డబ్బు అడగలేదని చెబుతారు. 1934లో హోటల్ దివాలా తీసింది, వేరే కుటుంబాలు కొనుక్కున్నాయి. ఆవిడ కొడుకు కేకు హక్కు పట్టుకుని దెమెల్ మిఠాయి దుకాణానికి వెళ్ళాడు. అక్కణ్ణించి మొదలైంది గొడవ, అసలు కేకు ఎవరిది అని. 1954లో కోర్టుకెక్కి 1963లో రాజీ పడ్డారు. "అసలైన" అనే మాట హోటల్‌ది, పైన గుండ్రటి చాక్లెట్ ముద్ర. దెమెల్‌ది మూడు మూలల ముద్ర, జామ్ పూత కింద మాత్రమే, మధ్యలో ఉండదు. తాపేశ్వరం రోడ్డు మీద కాజా దుకాణాల బోర్డులు చదివి పెరిగినవాళ్ళకి ఈ తగాదా విడమర్చి చెప్పక్కర్లేదు.

అందుకే దెమెల్‌కీ వెళ్ళాం. 1786 నాటి దుకాణం. వంటగది అద్దాల వెనకే, పిండి కలిపేవాళ్ళు కనపడుతుంటారు, నాకు అది చాలా నచ్చింది. అక్కడి ఆడవాళ్ళు నల్ల దుస్తుల్లో ఉంటారు, కొనేవాళ్ళని మీరు అని కూడా అనకుండా, ఎంచుకోవడం అయిందా అని కర్త లేకుండా అడుగుతారట, పాత మర్యాద. కేకు విషయంలో నా ఓటు హోటల్‌కే, మధ్యలో జామ్ ఉండాల్సిందే. మావారిది దెమెల్ వైపు.

మధ్యాహ్నం హోటల్ ఇంపీరియల్ ముందు నుంచి నడిచాం, లోపల ఒక కాఫీ తాగాం. అది ఒక డ్యూక్ తన కోసం కట్టుకున్న భవనం, 1873లో ప్రపంచ ప్రదర్శన కోసం హోటల్ చేశారు. పాలరాతి మెట్లు, మనిషిని చిన్నది చేసే ఎత్తు. అందం కాదనను, కానీ రాజు ఇల్లు హోటల్ అయితే ఒకలా ఉంటుంది, వంటవాడి ఇల్లు హోటల్ అయితే ఇంకోలా ఉంటుంది. పది నిమిషాల్లో బయటికొచ్చాం.

వెళ్ళేముందు సాఖర్ దుకాణంలో చెక్క పెట్టెలో పెట్టిన కేకు కొన్నాం. అందులో చిన్న సైజుల్లో ఒకటి, ముప్పై యూరోలు దాటింది. ఫ్రిజ్‌లో పెట్టకపోయినా రెండు వారాలు నిలవుంటుందని చెప్పారు. కట్టి ఇచ్చిన అబ్బాయి ఎంత దూరం వెళ్తుందని అడిగాడు. గోదావరి పక్కకి అంటే తెలియదు కదా, సముద్రాలు దాటి అన్నాను. ఇంకో పొర కాగితం చుట్టి ఇచ్చాడు.

రాజమండ్రి, ఇంట్లో

మా అమ్మకి డెబ్భై ఎనిమిది. అమ్మమ్మ హోటల్లో ఆకులు వేసింది, నీళ్ళు పోసింది, ఆ పద్దు పుస్తకం ఇప్పటికీ అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. చెక్క పెట్టె తెరిచి కేకు సన్నగా కోసి, అక్కడి మీగడ బదులు గేదె పాల మీది మీగడ వేసి ఇచ్చాను. ఆ మీగడతో ఇంకా బాగుంది, నిజంగా. తింటూ ఉండగా మొత్తం కథ చెప్పాను, భర్త పోవడం, చుట్ట, కుక్కలు, పేర్లు కుట్టిన గుడ్డ, డబ్బు లేని దొరలకి వడ్డించడం, చివరికి దివాలా.

అమ్మ పళ్ళెం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. ట్రంకు పెట్టె దగ్గరికి వెళ్ళి ఎర్ర అట్ట పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇందులో సగం మంది ఇవ్వలేదే. ఇచ్చినవాళ్ళ పేరు మీద మీ అమ్మమ్మ అడ్డగీత కొట్టించేది. చూడు, ఈ పేజీలో ఒక్క అడ్డగీతా లేదు" అని, ఒక పేరు మీద వేలు పెట్టి, ఆ అబ్బాయి బియ్యం లేనప్పుడు కూడా ఇక్కడే తిన్నాడనీ, తర్వాత విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చిందనీ చెప్పడం మొదలుపెట్టింది. ఆ పేజీ అయ్యేసరికి కేకు మీద మీగడ పూర్తిగా కరిగిపోయింది.